ముందు సీటు కింద తడి

చలికాలం పొద్దున్నే కారు తీస్తే ముందు అద్దం లోపలివైపు ఆవిరి కమ్ముకుంటుంది చూశారూ, దాన్ని తుండుగుడ్డతో తుడుచుకుంటూ, తుడిచిన కంతలోంచి రోడ్డు చూసుకుంటూ నడపడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. తుడిచేకొద్దీ జిడ్డు. జిడ్డు మీద మళ్ళీ ఆవిరి. హీటరు పెడితే చల్లగాలి, దాంతోపాటు బెల్లప్పాకంలాంటి వాసన. ఆడిటరుగారు నెల్లాళ్ళుగా ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తుండు పట్టుకుని ఆఫీసుకి పోతున్నారు, పళ్ళు నూరుకుంటూ.

భార్య వెనక సీట్లో ఉంది. ముందు సీటు ఖాళీ.

"తుడవడానికైనా ముందుకొచ్చి కూర్చోకూడదూ?"

"మా తమ్ముడికి తప్పయిందని చెప్పండి. వస్తా."

"వాడికా? నేనా? చచ్చినా చెప్పను."

"అయితే చూసి నడపండి. చచ్చేట్టున్నాం."

సిగ్నల్ దగ్గర ఒకాయన ముందు సీటు ఖాళీగా ఉండటం చూసి, తలుపు తీసి, "స్టేషన్ దాకా ఎంత?" అని అడిగాడు. ఆడిటరుగారు అన్న మాట ఇక్కడ రాస్తే బాగుండదు.

ఇంతకీ గొడవేంటంటే, ఆయన బావమరిది జిమ్ములో కోచ్. అన్నం లేకపోయినా ఉంటాడు గానీ చేతిలో గ్లూకోజు నీళ్ళ సీసా లేకుండా ఉండడు. నెల కిందట ఒక ఆదివారం ముందు సీట్లో కూర్చున్నాడు. మర్నాడు చూస్తే ఆ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట కార్పెట్టు తడి. పైగా తియ్యటి వాసన. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టి బతికిన మనిషికి ఇంకేం కావాలి? సీసా ఉంది, తడి ఉంది, తీపి ఉంది. కేసు మూసేశారు. ఆ రాత్రే భోజనాల దగ్గర, అత్తమామల ఎదురుగా తీర్పు చెప్పేశారు.

"నువ్వు మనిషివా, చిల్లుపడ్డ కుండవా? ఇంకోసారి నా కారెక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

"నేను ఒక్క చుక్క కూడా పొయ్యలేదు బావా."

"మరి కారే ఉచ్చ పోసుకుందా?"

బావమరిది తింటున్న కంచం వదిలేసి లేచిపోయాడు. ఆ మర్నాటినుంచే ఆవిడ వెనక సీటుకి మారింది.

ఆడిటరుగారు కార్పెట్టు తోమారు. తన తలకి కూడా ఏనాడూ అంత షాంపూ వాడని మనిషి, సీసా మొత్తం పోసి తోమారు. హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టారు. రెండ్రోజుల్లో మళ్ళీ తడి. మామూలు మనిషైతే ఇక్కడ కాస్త ఆలోచిస్తాడు. ఈయనకి కోపం రెట్టింపయింది.

"ఎంత పోశాడో చూడు వెధవ! నెలైనా ఆరి చావట్లేదు!"

చివరికి మెకానిక్ దగ్గరికి వెళ్ళారు. అతను కార్పెట్టు తాకి, వేలు వాసన చూసి, "హీటర్ కోర్ కారుతోంది సార్" అన్నాడు. డాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటరు ఉంటుందట. ఇంజిను వేడిని మోసుకొచ్చే కూలెంటు అందులో తిరిగితేనే లోపల వెచ్చగా ఉంటుందట. కూలెంటు వాసన తియ్యగా ఉంటుందట.

"కూలెంటు ఎప్పుడు మార్చారు సార్?"

"మార్చడం దేనికి? తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్ళు పోస్తున్నాగా. అదీ నీళ్ళే, ఇదీ నీళ్ళే. రంగు కోసం కొనాలా?"

"అందుకే లోపల తుప్పు పట్టి చిల్లు పడింది."

వెనక సీటు అద్దం మెల్లగా కిందికి దిగింది.

"ఇంకోసారి చెప్పు బాబూ" అంది భార్య. "చిల్లు పడింది దేనికి?"

డాష్‌బోర్డంతా దించాలి, వచ్చే నెలదాకా తీరిక లేదన్నాడు మెకానిక్. "నట్లు విప్పడానికి కూడా ముహూర్తమా?" అని మండిపడి, ఆడిటరుగారు కొత్త కోర్ కొనుక్కుని ఇంటికొచ్చారు. ఫోన్లో వీడియోలు చూశారు. బ్యాటరీ వైరు తీశారు, స్క్రూలు విప్పారు, విప్పిన ప్రతి స్క్రూనీ ఒక తిట్టుతో సాగనంపారు. డాష్‌బోర్డు ఎత్తడానికి ఇంకో మనిషి కావాల్సొచ్చింది. భార్య ఆయన్ని అడక్కుండానే తమ్ముడికి ఫోన్ చేసింది.

అతను వచ్చాడు. అక్క కోసం వచ్చాడు.

"అక్కా, బావగారిని ఎడం పక్క ఎత్తమను."

నెల కిందటిదాకా ఉత్త బావే. ఇప్పుడు వెనకాల 'గారు' వచ్చి చేరింది. మనవాళ్ళకి తిట్టు చాలకపోతే మర్యాద వాడతారు.

"ఎత్తే ఉన్నానని మీ తమ్ముడికి చెప్పు!"

"ఇద్దరూ ఒకే డాష్‌బోర్డు పట్టుకున్నారు, మధ్యలో నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది ఆవిడ.

డాష్‌బోర్డు బయటికొచ్చింది. ఆడిటరుగారు వెల్లకిలా పడుకుని, తల లోపల దూర్చి, పాత కోర్‌కున్న గొట్టం లాగారు. లోపల మిగిలిందంతా టీ రంగులో, తుప్పురజనుతో సహా నేరుగా ఆయన మొహం మీదికి దిగింది. తుపుక్కున ఉమ్మి, నోరు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పరిగెత్తారు.

"అక్కా, తీపి సరిపోయిందేమో బావగారిని కనుక్కో."

ఆవిడ కనుక్కోలేదు. నవ్వు ఆపుకోవడానికి లోపలికెళ్ళిపోయింది.

కొత్త కోర్ ఎక్కించారు. గొట్టాల్లోంచి తేటనీళ్ళు వచ్చేదాకా కడిగారు. ఈసారి కుళాయి జోలికి పోకుండా కొత్త కూలెంటు పోశారు, కారడం లేదని చూసుకుని డాష్‌బోర్డు బిగించారు. బ్యాటరీ వైరు తగిలించి, ఇంజిను తిప్పి, హీటరు పూర్తిగా పెట్టి, కూలెంటులో బుడగలు ఆగేదాకా గాలి పోనిచ్చారు. ఒక స్క్రూ మిగిలింది.

"ఇదిగో, ఇది కచ్చితంగా మీ తమ్ముడే..."

భార్య చూసిన చూపుకి మిగతా వాక్యం, స్క్రూ రెండూ చొక్కా జేబులోకి వెళ్ళిపోయాయి.

వేడిగాలి వచ్చింది. బయట వాన మొదలైంది. "వీణ్ణి ఇంటిదగ్గర దింపండి" అంది భార్య.

"వద్దక్కా" అన్నాడు బావమరిది. "నా కాళ్ళతో నాకింకా పనుంది." వానలో నడుచుకుంటూ పోయాడు.

ఇదీ సంగతి. ఇవాళ కార్పెట్టు పొడిగా ఉంది. అద్దం తళతళలాడుతోంది. కారంతా వెచ్చగా ఉంది. ఆవిడ మాత్రం వెనక సీట్లోనే ఉంది. ఆయన కోపం ఎక్కడికీ పోలేదు, విసరడానికి మనిషే దొరకట్లేదు. ఆడిటరుగారు జిమ్ము ముందు కారాపి కూర్చున్నారు. దారిలో ఒకసారి "తప్పు జరిగింది" అని సాధన చేశారు గానీ, "ఎవరివల్ల?" అని వెనకనుంచి ప్రశ్న వచ్చింది.

అదుగో, బావమరిది బయటికొస్తున్నాడు, చేతిలో సీసాతో. అయ్యలారా, అమ్మలారా, మీ ఇళ్ళల్లోనూ బావలూ బావమరుదులూ ఉండే ఉంటారు. పరువు పోకుండా తప్పు ఒప్పుకునే మాట మీకేదైనా తెలిస్తే పుణ్యముంటుంది, చెప్పండి. త్వరగా చెప్పండి. ఆయన అద్దం దించేస్తున్నారు. మనం అందివ్వకపోతే ఆ నోట్లోంచి వచ్చేది ఒక్కటే మాట: "ఆ సీసాకి మూత పెట్టావా?"