బుసుక్కె ఎవరు

మార్చి మొదటి మంగళవారం పొద్దున లారిసా హెగాయ్ కేంద్రానికి వచ్చింది. దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు నగరం వొల్గోక్ పేటలో, రొట్టెల కొట్టు పైన ఉంటుంది ఆ కేంద్రం. బయటి దేశాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు పని వెతికిపెట్టడం, అద్దె ఇల్లు చూపించడం, పిల్లల్ని బడిలో చేర్పించడం అక్కడివాళ్లు చేసే పని. ఓక్ మిరాన్ పదకొండేళ్లుగా అక్కడ ఉద్యోగాల బల్ల దగ్గర కూర్చుంటోంది. ఎదుటి మనిషి చేతులు చూసి ఏ పని చేసి వచ్చారో చెప్పగలనని ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది.

లారిసా చేతులు పెద్దవి. వేళ్ల కణుపులు ఉబ్బి, గోళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వయసు యాభై ఎనిమిది. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకుంది.

"నాకు పని కావాల, టీచరమ్మా," అంది. "ఏ పనైనా సేత్తాను. ఆడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిల గుడ్డలుతికినాను. కూతురు ఫ్యాక్టరీకెలిపోతాది, మనవరాలు బడికెలిపోతాది. నానొక్కదాన్నే గోడలు సూసుకోని కూకుంతన్నాను."

పక్క బల్ల ఉద్యోగి తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. అలాంటి కొరియన్ మాట టీవీ హాస్యాల్లో తప్ప అతను విని ఎరగడు. అది ఉత్తరాన హమ్‌గ్యోంగ్ సీమ యాస. లారిసా అవ్వ పసితనంలో ఆ సీమ వదిలి రష్యా గట్టుకు వలస వెళ్లింది. ఆమెకు పెళ్లై పిల్లలు పుట్టాక, అక్కడి సర్కారు ఆ జనాన్నంతా గూడ్సు బళ్లకెక్కించి తీసుకుపోయి ఉజ్బెక్ పత్తి చేల మధ్య దింపేసింది. ఆ అవ్వ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న మాటే లారిసాది. వందేళ్లలో దేశాలు మారాయి గానీ ఆ మాట మారలేదు.

దరఖాస్తు నింపుతూ మిరాన్ ఏ దేశస్థులని అడిగింది.

"ఆడ అందరూ నన్ను కొరియా మడిసి అనీవోరు. ఈడకొస్తే ఏ దేశమమ్మా నీది అని అడుగుతన్నారు. నీకేటి తోస్తే అదే రాసీ," అంది లారిసా. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు.

మిరాన్ ఆమెను మూడు చోట్లకు పంపించింది. భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీ నుంచి మూడో గంటకే ఫోన్ వచ్చింది. "ఆవిడ చెప్పేది మాకు అర్థం కాదు, మేం చెప్పేది ఆవిడకి అర్థం కాదు. మూతలు తెమ్మంటే తట్టలు తెచ్చింది," అన్నాడు మేస్త్రీ. ఇంకో చోట పనివాళ్లు ఆమె మాటను అనుకరించి నవ్వారు. ఆ సంగతి లారిసా చెప్పలేదు, ఆమె కూతురు చెప్పింది.

అప్పుడు మిరాన్ ఒక అట్టముక్క మీద అయిదు వాక్యాలు రాసింది. నమస్కారమండీ. సరేనండీ. ఇది ఎక్కడ పెట్టమంటారు? ఇంకోసారి నెమ్మదిగా చెప్పండి. పని అయిపోయిందండీ.

"ఎవరేమడిగినా ఇవే అనండి. మీ ఊరి మాటలు మాత్రం పని దగ్గర వద్దు. మీ మంచికే చెబుతున్నాను," అంది.

లారిసా అట్టముక్కను రెండు చేతులతో అందుకుంది. ఆ సాయంత్రం మిరాన్ బస్సులో వెళుతూ చూస్తే, బస్టాపులో నిలబడి లారిసా పెదాలు కదుపుతోంది. బాగానే చెప్పానని మిరాన్ తృప్తి పడింది.

నాలుగో చోటికి తనే వెంటబెట్టుకుని వెళ్లింది. అది ఊరి చివర ఒక వృద్ధుల శరణాలయం, నాలుగు అంతస్తులు. నడిపేది గుక్ జియోంగే అనే ఆవిడ. అరవై ఏళ్లున్నా మెట్లు రెండేసి ఎక్కేస్తుంది.

"మాట్లాడుతుందా?" అనడిగింది గుక్.

"తక్కువండీ."

"మంచిది. ఇక్కడ మాట్లాడేవాళ్లకు లోటు లేదు. ఉతికేవాళ్లే దొరకడం లేదు."

అలా కుదిరింది. రోజూ పక్కదుప్పట్లు మార్చడం, ఉతకడం, ఆరేసి మడత పెట్టడం. ఒకసారి కుదిరాక నెల తర్వాత వెళ్లి చూసి రావాలన్నది కేంద్రం నియమం. ఏప్రిల్‌లో నాలుగు చోట్ల నుంచి ఒకేసారి పిలుపులు రావడంతో మిరాన్ అక్కడికి వెళ్లేసరికి ఆరు వారాలు దాటింది.

"బంగారం లాంటి మనిషిని ఇచ్చారు," అంది గుక్. "కానీ నోరు విప్పదు. మా వాళ్లు మూగావిడ అనుకుంటున్నారు. సరేనండీ, అయిపోయిందండీ, అంతే."

లారిసా మూడో అంతస్తులో ఉందని చెప్పి తనే తీసుకెళ్లింది. దారిలో ఒక గది ముందు ఆగింది. లోపల కిటికీ పక్క మంచం మీద ఎనభై తొమ్మిదేళ్ల తాక్ బున్యో ఉంది. యుద్ధం నాడు పదహారేళ్ల పిల్లగా ఉత్తరాది రేవులో ఓడెక్కి ఒంటరిగా దక్షిణానికి వచ్చేసిన మనిషి. జ్ఞాపకం చెదిరి రెండేళ్లయింది.

"నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు," అంది గుక్. "సాయంత్రం కాగానే బుసుక్కె, బుసుక్కె అని ఒకటే కలవరింత. బుసుక్కె ఎవరో తెలియదు. కూతురినడిగాం, ఆ పేరుగల చుట్టాలెవరూ లేరంది. పాత ఇరుగుపొరుగేమో అని కూతురి ఇంటివాళ్లూ వెతికించారు."

అదే సమయానికి లారిసా ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ ఆ గదిలోకి వెళ్లింది. ఆ మంచం మీది దుప్పట్లు ఇప్పటిదాకా వేరే ఆవిడ మార్చేది, ఆ రోజు ఆవిడ రాలేదు. ముసలమ్మ లారిసా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆదుర్దాగా ఏదో గొణిగింది. మిరాన్‌కు అందులో బుసుక్కె అన్న మాట ఒక్కటే వినబడింది.

లారిసా తలుపు వైపు చూసింది. మిరాన్ కనబడగానే ఆమె ముఖంలో సందేహం కదిలింది. నోరు తెరిచి, మళ్లీ మూసింది. ముసలమ్మ ఏడవడం మొదలుపెట్టింది. లారిసా ఇక అటు చూడలేదు. దుప్పటి కింద పడేసి, మంచం అంచున కూర్చుంది.

"ఆరిపోనేదే," అంది. "బుసుక్కెల నిప్పు బాగానే ఉంది. ఇప్పుడే రెండు పుల్లలెట్టి వొచ్చినాను."

ముసలమ్మ ఏడుపు ఆగింది. కళ్లు చికిలించి చూసింది.

"అప్పా?"

"ఆఁ, నానే."

"అమ్మ తిడతాదేటి?"

"తిట్టదు. నానున్నాను గదేటి. నువ్వు బువ్వ తిన్నావా?"

"నువ్వు రానేదు గదా. ఎలగ తింతాను?"

గుక్ చటుక్కున వెనక్కి తిరిగి, అదే ఊపులో మెట్లు దిగి, గంజి గిన్నె తనే పట్టుకొచ్చింది. బున్యో సగం గిన్నె తిన్నది. తింటూ తింటూ, ఏనాడో తప్పిపోయిన అక్కను అడిగినట్టు, రేవులో జనం తోపులాటలో చెయ్యి వదిలేశావేమని అడిగింది. లారిసా చెంచా ఆపింది. ఆ తప్పు కూడా తనదే అన్నట్టు తల వంచుకుంది. తర్వాత, "వొదలనేదు. ఎతుక్కోని వొచ్చినాను, సూడు. దారి లంకంత ఉంది, ఆలీసమైపోనాది," అంది.

బున్యో నిద్రపోయాక ముగ్గురూ వరండాలోకి వచ్చారు.

"బుసుక్కె మడిసి కాదు," అంది లారిసా. "పొయ్యి. మా అవ్వ అలగే అనీది. పొయ్యి ఆరిపోతే తెల్లారి నిప్పు దొరకదు గదా, ఆడపిల్లల్ని కాపలా ఉంచీవోరంట."

"రెండేళ్లుగా ఆ మాట రాసుకుంటూనే ఉన్నాం. ఒక మనిషి కోసం వెతికాం," అని గుక్ అక్కడున్న బల్ల మీద కూలబడింది.

"ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదు లారిసా గారూ?" అనడిగింది మిరాన్. అడిగిన మరుక్షణమే జవాబు తనకు తెలిసిపోయింది.

"నువ్వే వొద్దన్నావు గదా, టీచరమ్మా."

నేరం మోపినట్టు లేదు. దుప్పటి ఎక్కడ పెట్టమన్నావని అడిగినట్టుంది. మిరాన్ పదకొండేళ్లలో ఇలాంటి అట్టముక్కలు ఎంతమంది చేతికి ఇచ్చిందో లెక్క తెలియదు.

"తప్పు చేశాను. మన్నించండి," అంది.

"ఏటి తప్పు? ఆ అయిదు ముక్కలూ నేకపోతే ఈ పని వొచ్చునా?" అని లారిసా ఆమె భుజం తట్టింది. "ఒక నోట్ల రెండు మాటలు పడతాయి. నీ మాట కూడా నేర్సుకుంతాను. నేర్పు."

ఆ సాయంత్రమే మిరాన్, గుక్ కూర్చుని బేరమాడుకున్నారు. రోజూ మధ్యాహ్నం గంటసేపు లారిసా బున్యో దగ్గర కూర్చోవాలి. అది కూడా పని గంటల్లోకే రావాలని మిరాన్ పట్టుబట్టింది. ఉతుకుడు ఎవరు చేస్తారని గుక్ పేచీ పెట్టి, చివరికి తనే చేస్తానంది. అన్నమాట ప్రకారం చేసింది కూడా. అయితే స్నానం చేయించడానికి, మందులు ఇవ్వడానికి పట్టా కావాలి. ఆ పట్టాకు చదువూ పరీక్షా ఉన్నాయి, రెండూ రాజధాని భాషలో. మిరాన్ కేంద్రం తరఫున లారిసాను తరగతిలో చేర్పించింది. వారానికి రెండు సాయంత్రాలు తనే పక్కన కూర్చుని పాఠాలు విడమర్చింది. లారిసా పాఠ్యపుస్తకం అంచుల్లో ప్రతి కష్టమైన మాట పక్కనా రష్యన్ అక్షరాల్లో అవ్వ మాట రాసుకునేది. మొదటి పరీక్షలో నాలుగు మార్కుల తేడాతో పోయింది. ఆ రోజు కేంద్రానికి క్యారెట్ పచ్చడి డబ్బా పట్టుకొచ్చి, "పోనాది. తినండి," అంది. పక్క బల్ల ఉద్యోగి రెండుసార్లు వడ్డించుకున్నాడు. మళ్లీ ఎప్పుడు రాస్తారని అతనే అడిగాడు.

బున్యో జనవరిలో పోయింది. ఆ పూట లారిసా తరగతిలో ఉంది. కబురు అందుకుని బస్సు మారి వచ్చేసరికి మంచం ఖాళీ చేసేశారు. ఆ దుప్పటి ఇంకెవరినీ ముట్టనివ్వకుండా తనే ఉతికింది. మిరాన్ పక్కన నిలబడి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి పిండి ఆరేశారు.

"సివర్ల అప్ప ఏదని అడిగిందంట," అంది లారిసా.

మిరాన్ తడి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది. లారిసా చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

మార్చిలో పట్టా వచ్చింది. ఏప్రిల్ మొదటి రోజున పట్టా ఉన్నవాళ్ల లేత నీలం చొక్కా వేసుకుని మూడో అంతస్తుకెక్కింది లారిసా. కిటికీ పక్క మంచంలోకి కొత్తగా ఒక ముసలాయన వచ్చాడు. ఈ దక్షిణాది సీమలోనే పుట్టి పెరిగిన రైతు, కోపిష్టి, వచ్చిన దగ్గర్నుంచీ ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

"తాతా, లెగు. మొకం కడుగుతాను," అంది లారిసా.

ఆయన ముఖం చిట్లించాడు. "ఇదేం మాట? ఏ ఊరమ్మా నీది?"

"సెప్తాను. శానా పెద్ద కత. ముందు మొకం ఇలగ తిప్పు."

ఆయన గొణుక్కుంటూనే ముఖం తిప్పాడు.