ఉపవాస భంగం

ఫినాయిల్ బకెట్టును స్త్రీల వార్డు గడప మీద ప్రతిష్ఠించి, చీపురును అడ్డంగా పట్టి, ఎనిమిది గంటలకల్లా చంద్రవ్వ ముగ్గురు పిల్లలను తరిమేసింది. పన్నెండేళ్ల లోపువారికి ప్రవేశం లేదు. వైకుంఠ ద్వారాన బాలమునులను అడ్డగించిన జయవిజయులు శాపానికి గురయ్యారు. దవాఖాన ద్వారాన పందొమ్మిదేళ్లుగా అదే నేరం చేస్తున్న చంద్రవ్వ మాత్రం నెలజీతానికి గురవుతూ వచ్చింది. నెరిసిన కొప్పు, ఫినాయిలుకు తెల్లబడి పగిలిన వేళ్లు, మడమకు కట్టిన గుడ్డపీలిక: ఇవీ ఆ మహాధికారి రాజలాంఛనాలు.

నాలుగో శత్రువు స్తుతి. తొమ్మిదేళ్లది. అమ్మమ్మ ఆనందమ్మతో ఖానాపూర్ నుంచి వచ్చి, ఆరు రోజులుగా వరండాలో కూర్చుంటోంది. లోపల ఏడో మంచం మీద తల్లి ప్రిస్కిల్లా. కాలేయం చెడింది, డాక్టర్లు ఆశ వదిలేశారు. నిన్ననే స్తుతి చంద్రవ్వ ముంజేతిని కొరికింది.

"మల్ల వచ్చినవా? పండ్లు రాలగొడుత."

"నువ్వు సైతానువి. మా అవ్వ లోపట ఉన్నది."

"ఉంటే? గిది నీ అయ్య జాగీరా?"

మధ్యాహ్నం ఆనందమ్మ చాయకు పోయింది. పిల్ల నేలను చూస్తూ అడిగింది.

"ఇంకెన్ని దినాలు ఉపాసముంటది?"

"ఎవలు?"

"అవ్వ. ఉపాస ప్రార్థనల ఉన్నదట. నేను పోతె చెడిపోతదట. అమ్మమ్మ చెప్పింది. నేను బడి ఎగ్గొట్టిన గదా, గందుకే తింటలేదు."

చంద్రవ్వ పెనిమిటి కైలాసం లారీ కింద పడి చనిపోయిన ఏడు, ఆమె తన కూతురు నవనీతకు "బాపు దుబాయి పోయిండు" అని చెప్పింది. అంతకంటే దయగల అబద్ధం లేదని వాడంతా మెచ్చుకుంది. బాపుకు తనమీదే కోపమని నాలుగేళ్లు కుమిలిన నవనీత, నిజం తెలిసిన నాటినుంచి తల్లిని అవ్వా అని పిలవలేదు.

చంద్రవ్వ చీపురును గోడకు ఆనించింది.

"లే. ఉపాసం లేదు, గిపాసం లేదు. మీ అవ్వకు రోగం. నీ తప్పేం లేదు. పానం పోయేటట్టున్నది. చూస్తవా, చూడవా?"

"సచ్చిపోతదా?"

"ఆఁ."

పిల్ల ఆమె కడుపులో గుద్దింది. ఆ గుద్దును సామంతులు చెల్లించే కప్పంలా స్వీకరించి, చంద్రవ్వ పిల్ల రెక్క పట్టుకుని లోపలికి నడిపించింది.

ప్రిస్కిల్లా కళ్లు పచ్చబడి ఉన్నాయి. కూతుర్ని గుర్తుపట్టి, "బువ్వ తిన్నవా బిడ్డా?" అంది. స్తుతి పక్కమంచం వాళ్లిచ్చిన సంత్రాను ఒలిచి, గింజలు తీసి, ఒక తొన తల్లి పెదవులకు ఆనించింది.

"నువ్వు తిను ముందుగాల."

తల్లి రసం చప్పరించింది.

అంతలో గుమ్మంలో ఆనందమ్మ కేక. "నీ చెయ్యి పడిపోను! దేవుడు లేపుతడంటే పసిదానికి సావు జూపెడుతవా? నీ నౌకరి తీయిస్త!"

"తీయించు గని, జర సప్పుడు జెయ్యకు. తింటున్నది."

నాలుగు గంటలకు ప్రిస్కిల్లా శ్వాస ఆగింది. అప్పుడు కూతురి వేళ్లు ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. ఆనందమ్మ మాట నిలబెట్టుకుంది: సాయంత్రానికి చంద్రవ్వ సామ్రాజ్యం వెనకవైపు మరుగుదొడ్లకు మారిపోయింది. తల్లి శవం వెంట పోతున్న స్తుతి ఆమెను దాటుతూ తలెత్తలేదు.

ఆఖరి పనిగా చంద్రవ్వ ఏడో మంచం దుప్పటి తీయబోయి ఆగింది. దిండు పక్కన, టిఫిన్ మూతలో, గింజలు తీసిన మూడు సంత్రా తొనలు.