పొద్దుమూకితే వదులయ్యే తాడు

సుగుణ తాడు మీద నుంచి పడిన రోజునే రాధాబాయి మనసులో కాశీనాథం దోషిగా నిలబడ్డాడు. ఆ తరువాత ఆమె చేసినదంతా, అప్పటికే ఇచ్చేసిన తీర్పుకు సాక్ష్యాలు వెదకడమే.

సిద్దిపేటలోని ఆ బాలికల ఉన్నత పాఠశాలలో రాధాబాయి సంగీతం టీచరు, కాశీనాథం డ్రిల్లు మాస్టరు. ఎనభై ఎనిమిదిలో, వార్షికోత్సవం కోసం ఆమె సర్కసు కథతో ఒక సంగీత రూపకం తలపెట్టింది. వెదురు బద్దలకు గోనెపట్టా చుట్టించి ఏనుగును చేయించింది. దాని కడుపులో ఇద్దరు పిల్లలు నడుస్తూ పాడాలి. పులులు బృందగానం చేయాలి. అన్నిటికీ మించి, పదో తరగతి సుగుణ గొడుగు పట్టుకుని, నడుమెత్తున కట్టిన తాడు మీద పాడుతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. తాడంటే భయపడే పిల్ల చివరికి తాడెక్కడమే కథ కనుక, ఆ నడక లేకపోతే రూపకమే లేదు.

అంతకు ముందు ఏటా వార్షికోత్సవంలో కాశీనాథం పిల్లల చేత పిరమిడ్లు కట్టించేవాడు. రూపకానికి సమయం చాలదని హెడ్‌మిస్ట్రెస్ ప్రమీలమ్మ వాటిని తీసేసింది. ఆనాడు స్టాఫ్ రూములో ఆయన నవ్వుతూనే అన్నాడు.

"సర్కసంటే కండల పని టీచర్. అది హార్మోనియం మీద ఎట్ల జేస్తరు?"

"మీరు తాడు కట్టున్రి సార్. ఎట్ల చేస్తమో నేను చూపిస్త."

అందరూ నవ్వారు. రాధాబాయి కూడా నవ్వింది కాని, ఆ మాటను మనసులోంచి తీసేయలేదు.

రోజూ ఆఖరి పీరియడులో ఆయన హాల్లో తాడు బిగించి వెళ్లేవాడు. రిహార్సలు మరునాడు పొద్దున, బడిగంటకు ముందు. అప్పటికి తాడు కాస్త వదులై ఉండేది. "కొబ్బరి తాడు గద, సాగుతది," అంటూ ఆయన మళ్లీ మెలిపెట్టి, సుగుణ నడుస్తుంటే పక్కనే చెయ్యి చాచి నడిచేవాడు. ఒకనాడు ఆయన రావడం ఆలస్యమైంది. ఆగలేక సుగుణ ఎక్కేసింది. తాడు ఉయ్యాలలా కిందికి కుంగింది. పిల్ల మోచేతి మీద పడింది.

ప్రమీలమ్మ రాధాబాయిని గదిలోకి పిలిపించింది. "ఇంకోసారి తాడు వదులైందని నా చెవిన పడిందంటే నీ సర్కసు బందు, రాధా. పిల్ల చెయ్యి ఇరిగితే వాళ్ల బాపుకు ఏం జవాబు చెప్తం?"

పిరమిడ్లు పోయినందుకు కోపం ఆయనకే ఉంది. తాడు కట్టేది ఆయనే. సరిగ్గా ఆనాడే ఆలస్యంగా వచ్చిందీ ఆయనే. రాధాబాయికి ఇవన్నీ ఒకే దారాన గుచ్చినట్టు కనిపించాయి. అయినా న్యాయంగా ఉండాలని, హాలు ఊడ్చే ఆయా సిద్ధమ్మను అడిగింది.

"నిన్న పొద్దుమూకినంక హాల్లకు ఎవరొచ్చిన్రు సిద్ధమ్మా?"

"ఎవలొస్తరు టీచరమ్మా? డ్రిల్లు సారు తాడు కట్టి పోయిండు. ఆయెన్క నేను ఊడ్చి తాళమేసిన."

రాధాబాయి ఆ జవాబులో మొదటి సగమే విన్నది. నేరుగా మైదానానికి వెళ్లింది.

"రేపటి సంది తాడు మీరు ముట్టద్దు సార్."

"ఎందుకని?"

"పిల్ల పడ్డది గనుక."

"పడ్డదా? నేను పడగొట్టిన్నా? మీ లెక్కల ఏది?"

ఆమె తాడు కట్టే ఆయన చేతుల వైపు చూసింది. ఆ చూపు ఆయనకు పూర్తిగా అర్థమైంది. విజిలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

టెంటు సామాను కిరాయికిచ్చే ఎల్లన్నను పిలిపించి తాడు కట్టించింది. తెల్లారి చూస్తే మళ్లీ వదులే. మరొకరైతే అక్కడితో కాశీనాథాన్ని విడిచిపెట్టేవారు. రాధాబాయికి మాత్రం, హాలు రెండో తలుపు తాళంచెవి డ్రిల్లు సామాను గదిలో ఉంటుందన్న సంగతి గుర్తుకొచ్చింది. ప్రమీలమ్మ రాకముందే ఎల్లన్న చేత తాడు బిగింపజేసి, ఆ సాయంత్రం బడి వదిలాక గోనె ఏనుగు కడుపులో దూరి కూర్చుంది. ఏనుగు కంటి చిల్లులోంచి రెండో తలుపునే చూస్తూ ఉంది.

తెరుచుకున్నది మొదటి తలుపు. సిద్ధమ్మ వచ్చి హాలంతా ఊడ్చింది. చీపురు మూలకు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, తాడు కట్టిన గుంజ దగ్గర కూర్చుంది. పసిపిల్ల జడ విప్పినంత నెమ్మదిగా ఒక్కొక్క మెలికే సడలించసాగింది.

"సిద్ధమ్మా!"

ఏనుగు మాట్లాడేసరికి ఆమె అదిరిపడింది. "వామ్మో! గా ఏనుగుల ఎందుకు జొచ్చినవు టీచరమ్మా?"

"తాడెందుకు విప్పుతున్నవు?"

"విప్పుత లేను, సడలిస్తున్న. పొద్దుమూకినంక పడుగు గుంజి ఉంచుతమా? రాత్రంత బిగువు మీదుంటే పోగులు తెగవా? మా ఇంట్ల మగ్గం దిగినంక గింతే."

"ఇది పడుగు కాదు, తాడు! ఇన్నాళ్ల సంది ఒక్కమాట చెప్పలేదేంది?"

"దీపం ఆర్పినమని గూడ చెప్తరా ఎవలన్న? ఎవలొచ్చిన్రని అడిగినవు, చెప్పిన."

మరునాడే వార్షికోత్సవం. ఎల్లన్న కట్టాడు, సిద్ధమ్మ ముట్టలేదు, తాడు గట్టిగానే ఉంది. సుగుణే ఎక్కనంది.

"ఎల్లన్న తాడు కడ్తడు గని చెయ్యి పట్టడు టీచర్. డ్రిల్లు సారుంటేనే ఎక్కుత."

రాధాబాయి మళ్లీ మైదానానికి వెళ్లింది. "మీరు కాదని తెలిసింది సార్," అంది.

"నేను కాదని నాకు ముందే తెల్సు టీచర్. మరి ఎవలట?"

చెప్పింది. ఆయన ముందు పకపకా నవ్వాడు, తరువాత నవ్వు ఆపేశాడు. "సిద్ధమ్మ కోసం ఏనుగుల కూసున్రా, నా కోసం కూసున్రా?"

"సుగుణ మీరుంటేనే తాడెక్కుతనంటున్నది సార్," అంది రాధాబాయి.

"పిల్ల కోసం వస్త," అన్నాడు.

ఆ సాయంత్రం సుగుణ గొడుగు పట్టుకుని తాడు మీద నడిచింది, గొంతు వణకకుండా పాడింది. ఆ కొసన కాలు నేలమీద పెట్టగానే హాలంతా చప్పట్లు. కాశీనాథం అడుగడుగునా ఆమె పక్కనే చెయ్యి చాచి నడిచాడు. హార్మోనియం ముందున్న రాధాబాయి వైపు ఒక్కసారీ చూడలేదు.

జనం వెళ్లాక తాడు విప్పి, చుట్ట చుట్టి, తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చూస్కోన్రి టీచర్. అంత సరిగనే ఉన్నదా?"

"అక్కర్లేదు సార్."

"చూస్కోన్రి."

ఆయన కదలలేదు. చివరికి రాధాబాయి వంగి, చుట్టచుట్టనూ తడిమి చూసింది.

"సరిగనే ఉన్నది," అన్నాక గాని ఆయన దాన్ని భుజాన వేసుకోలేదు.