గట్టయ్య మేకలు

పొద్దున్నే చాయ్ తాగి గట్టయ్య యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడకకు పోతాడు. వెనకాలే ఎనిమిది మేకలు నడుస్తాయి. అవి మేయవు, అరవవు, ముసలివి కావు. హాస్టల్ మెస్సులో వంటపనికి చేరేటప్పుడు, వయసు మించిందంటారని ఎనిమిదేళ్లు తగ్గించి రాయించుకున్నాడు. ఆ సాయంత్రమే అవి వచ్చి ఇంటిముందు నిలబడ్డాయి. మెస్సులో అట్లా చేరినవాళ్లు ఇంకా ఉన్నారు, ఎవరి మేకలు వాళ్లకున్నాయి. గట్టయ్యను అడిగితే మాత్రం ఒకటే మాట: "నావి కావు."

ఆయనతోపాటు చేరిన ఇన్నయ్యకు ఆరు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే కాగితం మీది వయసుకు లెక్కగట్టి మందిచ్చారు. మందు ఒంట్లోంచి పోక పేరుకుపోయింది. మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టక, పోయిన నెల పోయాడు. ఆరు మేకలూ మెట్టుగూడలో ఆయన ఇంటి గేటు ముందే ఇంకా ఉన్నాయి. గట్టయ్య పోయి చూశాడు. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

ఇప్పుడు గట్టయ్యకూ అదే రోగం. కూతురు శైలజ తార్నాకలోని దవాఖానకు ఆటోలో తీసుకొచ్చింది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే మేకలూ ఆగాయి.

డాక్టర్ స్నిగ్ధ రక్తపరీక్ష కాగితం చూసింది. "కిడ్నీలు కాస్త నెమ్మదించాయండీ. ఎంత పనిచేస్తున్నాయో లెక్క చూసి మందివ్వాలి. బరువు యాభై రెండు. వయసు?"

"కార్డు మీదున్నది గద."

"అరవై ఎనిమిది." కంప్యూటర్‌లో కొట్టింది. "కిడ్నీల లెక్క ముప్పై దాటింది. రెండుపూటలా వేసుకోవచ్చు. ముప్పైలోపు ఉంటే ఒక్కపూటే ఇచ్చేదాన్ని."

శైలజ తండ్రి వైపు వంగింది. "నాయినా, అసలు వయసు చెప్పరాదూ?"

"ఏం చెప్పాలె? సర్కారు కాగితం అబద్ధమాడుతదా?"

"కాగితం ఆడలే. నువ్వాడినవ్."

బయట వాచ్‌మన్ గొంతు వినబడింది. "ఎవలియి ఈ మేకలు? పేషెంట్లకు తొవ్వ లేదు."

వాచ్‌మన్ కట్టె తీశాడు. గట్టయ్య తన చేతులు చూసుకున్నాడు. ముప్పైయేళ్లకు పైగా పిల్లలకు అన్నం వండిన చేతులు. వయసు అబద్ధమంటే ఆ నౌకరీ, ఆ అన్నమూ అబద్ధమైపోతాయని ఆయన మొండితనం. ఇన్నయ్యా అదే అనేవాడు.

"కొట్టకు," అన్నాడు. "నావే."

డాక్టర్ తల పక్కకు వంచి తలుపులోంచి చూసింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. అరవై ఎనిమిది తీసేసి డెబ్బై ఆరు కొట్టింది.

"ఇరవై ఏడు. పొద్దున ఒక్కటే వేసుకోండి. సాయంత్రం వద్దు."

ఇంకేం అడగలేదు. మేకలు ఒకదాని వెనక ఒకటి లోపలికొచ్చి గట్టయ్య కుర్చీ దాకా నడిచాయి. చివరిది వచ్చేసరికి ముందున్నవి లేవు. తర్వాత అదీ లేదు.

గట్టయ్య లేవబోయాడు. నడుము లేవలేదు. శైలజ చెయ్యి అందించింది. ఏనాడూ ఒకరి చెయ్యి పట్టనివాడు పట్టుకున్నాడు.

"మెల్లగ నడువు బిడ్డా," అన్నాడు మెట్ల దగ్గర. "డెబ్బై ఆరేండ్లోణ్ణి."