చదువుకున్న మేక

మా పెరట్లో ఒకే చెట్టుకు మూడు రకాల కొమ్మలు: నిమ్మ, నారింజ, బత్తాయి. మూడేళ్ళ కిందట, నర్సరీలో పనిచేసే నా బావమరిది అంటుకట్టి ఇచ్చాడు. నిమ్మ నాది, నారింజ అందరిదీ, బత్తాయి మా ఆవిడది. అది వాళ్ళమ్మ పెరట్లో చెట్టు నుంచి తెచ్చిన కొమ్మ. ఆ చెట్టు నిరుడు వేరు కుళ్ళి పోయింది. ఆ కాయ రుచి ఇక మిగిలింది ఈ జానెడు కొమ్మలోనే.

నా నిమ్మ సంగతి వేరు. నిరుడు ఒక కాయలో సగం పిండితే బిందె నిండింది. రెండో చెక్క పక్కింటివాళ్ళకిచ్చాను. నమ్మనివాళ్ళు వచ్చి బిందె చూసుకోవచ్చు.

ఆదివారం పొద్దున బావమరిది కత్తెర తెచ్చాడు. అంటు కింద మొలిచిన ముళ్ళ రెమ్మలు తీసేసి, బత్తాయి కొమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బావా, దీన్నెవరు కోశారు?"

"మేక."

"మేక ఇంత ఏటవాలుగా, చిగురు మొలిచే కంటికి పైన పావంగుళం వదిలి కొరికిందా?"

"చదువుకున్న మేక."

గుమ్మంలో బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ చెయ్యి ఆగింది. ఇక దాచి లాభం లేదు. పలచబడ్డ జుట్టు కత్తిరిస్తే ఒత్తుగా వస్తుందని సెలూన్ అతను చెప్పాడు. కొమ్మకూ అంతేననుకుని రెండుసార్లు కోశానని ఒప్పుకున్నాను.

"మీ నెత్తిన ఎన్నేళ్ళ నుంచి కోస్తున్నాడతను?" అంది ఆవిడ.

నా బట్టతల తడుముకున్నాను.

"నీరసంగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు బావా, బలిసినదాన్నే కోయాలి" అన్నాడు బావమరిది. "వేరు పంపేదంతా నీ నిమ్మే లాక్కుంటోంది. పైగా దీనికి ఎండ తగలనివ్వదు. నిమ్మను సగానికి దించకపోతే ఈ బత్తాయి ఎండాకాలం దాటదు."

నిమ్మకు అప్పటికి నలభై పిందెలు. సెలూన్‌లో తలా ఒక కాయ ఇస్తానని మాటిచ్చాను, బిందెలు తెచ్చుకోమని కూడా చెప్పాను.

"కొసలు తుంచితే చాలదూ?"

"మీ ఇష్టం" అని ఆవిడ బట్టలెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. పిడుగు పడినా బెదరను గానీ ఆ మాటకు బెదురుతాను.

కత్తెర ఇమ్మన్నాను. బావమరిది వేలు పెట్టి చూపించిన చోటల్లా నేనే కోశాను. కింద పడ్డ పిందెల్లో పెద్దది గోలీకాయంత ఉంది. నిమ్మ బత్తాయి కంటే పొట్టిదయ్యాక అతను రెండు కొమ్మల నడుమ అడ్డంగా ఒక దారం కట్టాడు.

"నిమ్మ ఇది దాటితే కొయ్యి. బత్తాయి జోలికి మాత్రం పోకు."

ఆరు వారాలకు నిమ్మ దారం దాటింది. ఎవరూ చెప్పకుండానే కోసేశాను. బత్తాయికి మూడు కొత్త ఆకులు వచ్చాయి, గోరంతవి.

వంటింటి కిటికీలోంచి మా ఆవిడ చూస్తోంది.

"మేక వచ్చిందా?"

"వచ్చి వెళ్ళింది" అన్నాను.