ఆరడుగుల గీత

కిరుమాంబాక్కంలో పాల వ్యాను రాకముందే లేచేది ధనపాల్ పెళ్ళాం చిన్నమ్మాయి. లేచి వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గుపిండి డబ్బా అందుకునేది. వాకిలంటే ఏముంది, తలుపు తీస్తే కడలూరు రోడ్డే. లారీలోళ్ళు ఉమ్మిన ఆకువక్క, ఎవరో సగం తిని పారేసిన బిర్యానీ పొట్లం, బ్రాందీ కొట్టు ప్లాస్టిక్ గ్లాసులు, ఇవన్నీ ఎత్తినాకే ముగ్గు. ముక్కుకు కొంగు కట్టుకుని చిమ్మేది. ఇరవై రెండేళ్ళుగా చిమ్ముతోంది, ఒక్కరోజన్నా ఆ రోత అలవాటు కాలేదు.

ఆమె గీసిన గీతను ఇంజను బండి దాటదు. కాపరానికొచ్చిన మరునాడే పాల వ్యాను ఆమె ముగ్గు అంచున నిలబడిపోయింది. డ్రైవరు దిగి చూసి, వెనక్కి తీసుకుని, చుట్టు తిరిగి పోయాడు. అంతే. అప్పటినుంచీ కోతలప్పుడు పక్కూరు ఏంబలం రైతులు కూడా వచ్చి పిలుచుకుపోతారు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ ఒక గీత గీసి వస్తుంది. బస్సులు హారను కొట్టుకుంటూ పక్కకి పోతాయి. మనుషులు, ఎడ్లు, సైకిళ్ళు మామూలుగా దాటుతాయి. ఆమె చీపురు తప్ప ఆ గీతను వాన కూడా చెరపదు. గీసినందుకు ఒక చేట వడ్లిస్తే తలొంచుకుని తెచ్చుకునేది. నలుగురిలో నోరు తెరిచే మనిషి కాదు.

కూతురు నాగశ్రీ పదకొండో తరగతి. గవర్నమెంటు ఇచ్చిన సైకిలు మీద కిలోమీటరు దూరంలోని బడికి పోతుంది. పోయిన నెల ఒక కారు రాసుకుని పోతే, సైకిలుతో సహా మూత లేని మురిక్కాలవలో పడింది. నడుం దాకా నల్లటి బురద, జడలో కోడి ఈకలు. నాలుగు బకెట్లు పోసినా కంపు పోలేదు. ఆ రోజే తండ్రి ధనపాల్ తేల్చేశాడు.

"ఇంక చాల్లే చదువు. రోడ్డు పక్కన నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ దారి ఏస్తాండారు గదా. సోమవారం తెరుస్తారంట. అది దారి మాదిరి ఉంటే పోనీ. లేదంటే మంగళవారం బడికి పోయి టీసీ తెచ్చేస్తా. మా అక్క అంగడిలో చీరలు మడత పెట్టుకోనీ."

"పరీక్షలుండాయి నాయనా," అంది నాగశ్రీ.

"పరీక్ష రాసేదానికి పిల్ల ఉండాల గదా."

 బడిదారిలో చిన్నమ్మాయి గీతలు గీయకపోలేదు. రోజూ తవ్వుతున్న రోడ్డు గదా, గీసిన గీతను మట్టితో సహా ఎత్తి పోసేవాళ్ళు.

బస్టాపు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. అందులో ఆరడుగుల ఎర్రరాళ్ళ దారి, చెట్లు, సైకిలు మీద నవ్వే పిల్ల, చేతికర్ర పట్టుకున్న తాత. బోర్డు మీంచి చూపు దించితే దారి మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు, దాని కింద ఉచ్చ మడుగు. కోడి అంగడి పేగులు ఎర్రరాళ్ళ మీదే. బ్రాందీ కొట్టు ముందు వరసగా మోటారు బండ్లు. కాలవకి మూతలు అసలు రానేలేదు. ఇంత డబ్బు పోసి ఇంత గలీజు కట్టినారా అనుకునేది చిన్నమ్మాయి.

ఆదివారం సాయంత్రం కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఫణిధర్ వెతుక్కుంటూ వచ్చాడు. యానాం మనిషి, వచ్చి రెండు నెలలు.

"ముగ్గులు బాగా ఏత్తారంట కదండీ. మీరు తెలుగోళ్ళేనా? ఇదేం తెలుగండీ బాబూ, సగం అరవం!"

పక్కింటి రాసాత్తి అరుగు మీదనుంచి అందుకుంది. "మీది మటుకు ఏంది సారు, మాట్లాడతాండారా పాట పాడతాండారా?"

ఫణిధర్ నవ్వేసి అసలు పనికొచ్చాడు. దారికి తెల్లగీత వేసే రంగు రాలేదట. రేపు పదింటికి పెద్దోళ్ళొచ్చి రిబ్బను కత్తిరిస్తారట. ముగ్గుపిండితో గీస్తే చాలట, ఫొటోకి.

"ఫొటో అయినాక సారు?" అంది చిన్నమ్మాయి మెల్లగా.

"అయ్యాక ఎవరు చూత్తారండీ. బళ్ళున్న కాడ గీత లోపలికి వంచేయండి. బ్రాందీ కొట్టు కాడ అడుగున్నర మిగిలితే చాలు."

ఆమె గీత సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఊరికి కొత్తగా వచ్చినోళ్ళకి ఎవరైనా చెప్తారా.

తెల్లారుజామున మొదలుపెట్టింది. రాసాత్తి పిండి బకెట్టు మోస్తే, చిన్నమ్మాయి వంగి గీస్తూ పోయింది. బ్రాందీ కొట్టు ముందు రాత్రి తాగినోళ్ళు వదిలేసి పోయిన పదకొండు మోటారు బండ్లు, వాటి పక్కన ఫణిధర్ జీపు. గీత లోపలికి వంచుదామని బండ్ల సందులో చెయ్యి ఆనిస్తే మెత్తగా తగిలింది. ఎవడో కక్కుకున్నది. వేళ్ళ సందుల్లోకి పోయింది.  కొంగుకు తుడుచుకోబోయి ఆగింది. ఆ అడుగున్నరలో, ఆ కక్కు మీదనే గదా రేపు తన బిడ్డ సైకిలు తొక్కేది.

"వంచక్కా, సారు వంచమన్నాడు గదా," అంది రాసాత్తి.

చిన్నమ్మాయి బకెట్టు అంచుకి చెయ్యి రాసి, లేచి, గోడ దగ్గరనుంచి ఆరడుగులు కొలిచింది. బండ్లకి బయట నిలబడి తిన్నగా గీసింది. బడి గేటు దాకా తిన్నగానే. రెండు చివరలా అడ్డగీత గీసి ఇంటికొచ్చి, చెయ్యి సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది.

పదింటికి పెద్దోళ్ళు వచ్చారు, ముక్కులకి రుమాళ్ళు పెట్టుకుని రిబ్బను కత్తిరించి పోయారు. బండ్లోళ్ళు వచ్చి ఇంజన్లు ఎంత లాగినా బండ్లు గీత దాటకపోతే, నలుగురేసి మోసి అవతల పెట్టుకున్నారు. జీపుని ఎవరు మోస్తారు. మధ్యాహ్నం ఫణిధర్ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"జీపు గీత దాటట్లేదండి."

"ఔ సారు. దాటదు."

"నిన్న చెప్పొద్దా అండీ?"

"మీరు అడగలేదు గద సారు."

"జీపు పట్టేంత చెరపండమ్మా, మీకు పుణ్యముంటాది."

చిన్నమ్మాయి చీపురు తెచ్చింది. కాలవ దగ్గర ఆగిపోయి, చీపురు వీపు వెనక పెట్టుకుని, నల్లటి నీళ్ళలోకి చూస్తా ఉండిపోయింది.

"ఏంటండీ చూత్తున్నారు?"

"నా బిడ్డ పడింది దీంట్లోనే సారు."

"మూతలు వచ్చే నెల ఏయిత్తానండి."

ఆమె చీపురు తీసుకుని ఇంటివైపు తిరిగింది. ఫణిధర్ ఫోను తీశాడు. పొద్దు గూకేలోపు రెండు ట్రాక్టర్ల సిమెంటు పలకలు వచ్చాయి. గీత అవతల ఆపి, కూలోళ్ళు మోసుకొచ్చి కాలవంతా కప్పారు. అప్పుడు జీపు పట్టేంత చిమ్మింది. అతను రెండో గేరు వేసేలోపే మళ్ళీ గీసేసింది.

మంగళవారం పొద్దున ధనపాల్ తెల్లచొక్కా వేసుకుని, టీసీ కోసం రాయించిన అర్జీ జేబులో పెట్టుకున్నాడు. నాగశ్రీ సైకిలెక్కింది. ఆమె వెనకే నడిచాడు. బ్రాందీ కొట్టు దగ్గర ఒకడు గోడకి నిలబడి ఉచ్చ పోస్తున్నాడు. పోస్తూనే పక్కకి కాండ్రించి ఉమ్మాడు. గీత ఇంజన్లనే ఆపుతుంది, ఇట్లాంటివాళ్ళని ఆపదు.

"కంపు నాయనా," అంది నాగశ్రీ.

"ముక్కు మూసుకో."

"రెండు చేతులూ హ్యాండిలు మీదుంటే ముక్కెట్ల మూసుకునేది?"

అప్పుడే ఇటుకల లారీ ఒకటి బస్సుని దాటబోయి సైకిలు మీదికి వచ్చేసింది. ధనపాల్ ముందుకి ఉరికాడు. లారీ ముందు టైరు గీత మీద ఆగిపోయింది, నాగశ్రీ మోచేతికి జానెడు దూరంలో. డ్రైవరు తల బయటపెట్టి బూతులు తిట్టి, వెనక్కి తీసుకున్నాడు. నాగశ్రీ ఊపిరి బిగబట్టి తొక్కుతూ బడి గేట్లోకి పోయింది.

ధనపాల్ అక్కడినుంచే వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి, చొక్కా విప్పి, జేబులో కాగితం తీసి పెళ్ళాం చేతికిచ్చాడు.  పొద్దున చిమ్మి కుప్పేసిన గ్లాసులు, ఎముకలు, ఆకువక్క పొట్లాలు వాకిట్లో అట్లనే ఉన్నాయి. చిన్నమ్మాయి కాగితాన్ని వాటి మీద పడేసి అగ్గిపుల్ల గీసింది.