అవతలి ఒడ్డు పొయ్యి

ఇంట్లో నిర్మాతకి కథ వినిపించే సిట్టింగ్ ఉన్న రోజు కుక్కర్ విజిల్ వినపడకూడదు. మిక్సీ తిరగకూడదు, పోపు చిటపటలాడకూడదు. కథ చెప్పే మనిషి మూడ్ పాడైపోతుందట. ఫిల్మ్‌నగర్‌లో అద్దెకుండే రచయితల ఇళ్లల్లో ఇదొక మడి. మంజులత తెల్లవారకముందే లేచి పచ్చడి నూరేసింది, పులుసు కాచేసింది, అన్నం గిన్నెలో వార్చేసింది. లైటర్ మొరాయిస్తే అగ్గిపుల్లలతో తంటాలు పడింది. పప్పు మాత్రం కడిగి కుక్కర్లో పోసి పక్కన పెట్టుకుంది, వాళ్లు కాసేపు కథ ఆపితే పొయ్యి మీద పెడదామని. తను మాత్రం కాఫీ తప్ప ఇంకేమీ నోట్లో వేసుకోలేదు. వచ్చినవాళ్లు తినకుండా ఇంటావిడ ఎలా తింటుంది మరి!

హాల్లో ఆమె భర్త రవిచంద్ర కథ మొదలుపెట్టాడు. వినేది నిర్మాత భిక్షపతి. షేక్‌పేట వైపు భూములమ్మి సినిమాల్లోకి వచ్చిన మనిషి. కళ్లు మూసుకుని వింటాడు, నచ్చకపోతే మధ్యలోనే లేచి చెప్పులేసుకుంటాడు. ఈ కథ ఒప్పుకుంటే రవిచంద్ర దర్శకుడవుతాడు.

కథ మాత్రం మంజులతది.

ఇప్పటిదాకా ఎన్ని కథలిచ్చిందో ఆమె లెక్క పెట్టుకోలేదు. సింకు దగ్గర గిన్నెలు తోముతూ చెప్పేది. అతను గుమ్మానికి ఆనుకుని "ఊఁ, తర్వాత?" అనేవాడు. పెళ్లయిన కొత్తలో ఆ ఊకొట్టడమే ప్రేమనుకుంది పిచ్చిది. ఆ ఒక్క "ఊఁ" కోసం ఎన్ని రాజ్యాలు కట్టిందో, ఎందరు దొంగల్ని మంచివాళ్లని చేసిందో. తెర మీద మాత్రం అతని పేరొక్కటే పడేది. ఒకసారి నోరు తెరిచి అడిగితే అత్తగారు శ్యామలాదేవి నవ్వేసింది. "కూరలో ఉప్పేసినదాని పేరు విస్తరి మీద రాస్తామటే?" అంది. ఆ మాటకి రవిచంద్ర కూడా నవ్వాడు. మంజులతా నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ ఆమెకి ఒళ్లు మండుతుంది.

ఈ కథకి మాత్రం పట్టుబట్టింది. నా పేరు వేయించాలి అంది. అతను సరేనన్నాడు కూడా. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "పేరు సంగతి తర్వాత చూద్దాంలే, ముందు ఓకే అవనీ" అన్నాడు. ఆ "తర్వాత" ఎలాంటిదో ఆమెకి బాగా తెలుసు.

ఎందుకంత పట్టుదలంటే, ఈ కథని ఆమె అల్లలేదు, అందులో కాపురమే పెట్టింది. ఒక రాణి ఓ రోజు నగలన్నీ పెట్టెలో పెట్టేసి, ఏరు దాటి పరాయి రాజ్యానికి వెళ్లిపోతుంది. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. పూటకూళ్ల ఇల్లు పెట్టుకుంటుంది. ఆ దేశంలో పొయ్యిలకి ఒక నియమం ఉంది. వండే మనిషి తినకుండా ఉంటే నిప్పు అంటుకోదు. రాణికి ఆ సంగతి తెలియక ఊది ఊది మసిబారిపోతుంది. అప్పుడు, ఆమెని ఏరు దాటించిన పడవవాడు గుమ్మంలో నిలబడి, "ముందు నువ్వు తిన్నావా?" అని అడుగుతాడు. అన్నేళ్ల రాణివాసంలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. రాణి అక్కడే చతికిలబడి ఏడుస్తుంది. వాళ్ల ప్రేమ అక్కడ మొదలవుతుంది.

వంటింటి తలుపు వారగా వేసుకుని మంజులత వింటోంది.

"అప్పుడు సార్, ఆ పడవవాడు ఇలా చెయ్యి పెడతాడు. పొయ్యి భగ్గుమని అంటుకుంటుంది! థియేటర్ దద్దరిల్లిపోతుంది సార్."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఇదేంటి, పొయ్యి అతను ముట్టుకుంటే అంటుకోవడమేంటి?

"క్లైమాక్స్‌లో రాజు మారువేషంలో వచ్చి ఆమె చేతి వంట తింటాడు. కన్నీళ్లు పెట్టుకుంటాడు. రాణి రాజుతో వెళ్లిపోతుంది. ఫ్యామిలీ ఆడియన్స్ లేచి చప్పట్లు కొడతారు సార్."

పేరు పోతే పోయింది, ఇన్నాళ్లూ పోయినట్టే పోయింది. రాణిని కూడా వెనక్కి తోలుకుపోతున్నాడే!

భిక్షపతి కళ్లు తెరిచాడు. "అంతా మంచిగనే ఉంది రైటర్ సాబ్. గని ఒక్కటి సమజ్ అయితలేదు. రాజు కొట్టలే, తిట్టలే. మరి రాణి ఎందుకు పోయింది? గా పొయ్యి ముందుగాల ఎందుకు అంటుకోలే? గది చెప్పు. లేకుంటే నాకు ఎక్కది."

చెప్పుల కోసం భిక్షపతి కాళ్లు కదిలాయి.

"ఒక్క నిమిషం సార్, మంచినీళ్లు తెస్తాను" అన్నాడు రవిచంద్ర. ఆ ఇంట్లో మంచినీళ్లకీ దాహానికీ సంబంధం లేదు. కథ దారి తప్పినప్పుడల్లా అతను ఆ వంకతోనే వంటింట్లోకి వస్తాడు.

"మంజూ, రాణి ఎందుకు వెళ్లిందే? తొందరగా చెప్పు."

"చెప్పానుగా మీకు."

"ఏదో తిండి సంగతి చెప్పావ్. చిన్న విషయం కదాని వదిలేశా. అసలు కారణం చెప్పు, ఆయన లేచి వెళ్లిపోయేలా ఉన్నాడు."

మంజులత అతని ముఖంలోకి చూసింది. చెడ్డవాడేం కాదు. అది ఆమెకీ తెలుసు. కంచం తీసి అన్నం పెట్టుకుంది. పులుసు పోసుకుంది. స్టూలు లాక్కుని కూర్చుని కలుపుకోవడం మొదలుపెట్టింది.

"ఏంటిది? ఆయనింకా తినలేదు!"

"ఆకలేస్తోందండీ."

"ఇప్పుడా? నా బతుకు అక్కడ వేలాడుతుంటే?"

ఆమె ముద్ద మీద ముద్ద పెట్టుకుని కంచం ఖాళీ చేసింది. అవతల నుంచి "ఏమైంది సాబ్, దొరికిందా?" అని కేక వినిపించింది. రవిచంద్రకి చెమట పట్టింది.

ఆమె చెయ్యి కడుక్కుంది. కుక్కర్ పొయ్యి మీద పెట్టి, పొద్దున మొరాయించిన లైటర్ నొక్కింది. ఒక్క నొక్కుకే అంటుకుంది.

"విజిల్ వస్తుందే, సిట్టింగ్ నడుస్తోంది!"

"రానివ్వండి. కుక్కర్ పక్కన పుట్టిన కథే, విజిల్‌కి బెదరదు." చీరకొంగుతో చేతులు తుడుచుకుని తలుపు తీసింది.

"ఎక్కడికి?"

"రాణి ఎందుకు వెళ్లిందో చెప్పడానికి. తిరిగి ఎందుకు రాదో కూడా. మీరిక్కడే ఉండండి, మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్యండి."